స్పృహ లేనివాడి సంతకం

ఒళ్లంతా దెబ్బలతో నెత్తురు పోయినవాడికి సెలైన్‌లో కలిపి ఎక్కించే కొత్త పాలిమర్ ఒకటుందని, దాని గొప్పలు ఈ వారం ఓ డాక్టరు మిత్రుడు ఏకబిగిన చెప్పాడు. అమెరికాలో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్లుగా దాని మీదే ఉన్నారు. షాక్‌లో ఉబ్బిపోయిన కణాల్లోని నీటిని లాగి తిరిగి రక్తనాళాల్లో పోస్తుందట. ఎలుకల్లో, పందుల్లో బాగానే పనిచేసింది. సరే, మనిషి దాకా వచ్చాక ఎవర్ని అడిగి ఎక్కిస్తారు? అదే అడిగాను. ‘‘అడుగుతూ కూర్చుంటే పోతాడు’’ అన్నాడు.

నిజమే. అందుకే 1996లో అమెరికా ఓ రూలు పెట్టింది. ప్రాణం మీదికొచ్చి, అడిగే వీలు లేని వేళ ప్రయోగానికి రోగి అనుమతి అక్కర్లేదు, కాకపోతే ఊళ్లోవాళ్లతో ముందుగా మాట్లాడాలి. ఆ రూలు అండతోనే పాలీహీమ్ అనే కృత్రిమ రక్తాన్ని ఏడొందల పైచిలుకు క్షతగాత్రుల మీద పరీక్షించారు. ఇష్టం లేనివాళ్లు చేతికి నీలం పట్టీ వేసుకోవచ్చన్నారు. ఏ కారు గుద్దుతుందోనని పట్టీ వేసుకుని కూరగాయలకు బయల్దేరేవాడెవడండీ? పోనీ ఆసుపత్రికి చేరాక, అసలు రక్తం చేతికందే చోట కూడా 12 గంటల దాకా దాన్నే ఎక్కించారు. నెల తిరిగేసరికి పాలీహీమ్ వైపు 13.4 శాతం మంది పోయారు, మామూలు వైద్యం అందినవాళ్లలో 9.6 శాతం. ఆ తేడా కాకతాళీయం కావచ్చునని గణాంకాలవాళ్లు అంటారు. అననివ్వండి. 2009లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ సరుకును తిప్పికొట్టింది.

పరీక్షలే వద్దనడానికి నేనేం మూర్ఖుణ్ని కాను. నెలసరి రక్తస్రావానికి ఇచ్చే చవక మందు ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది. ఒక గ్రాము, 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి పది నిమిషాల్లో, మరో గ్రాము ఎనిమిది గంటల్లో ఎక్కిస్తే ప్రమాద బాధితుల్లో మరణాలు 16 నుంచి 14.5 శాతానికి తగ్గాయని 2010లో తేలింది. 40 దేశాల్లో 20,211 మందిని చూస్తేగానీ తేలలేదు. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు పోయి కీడే జరగొచ్చన్నదీ ఆ పరీక్ష వల్లే బయటపడింది.

స్పృహ లేనివాడి సంగతి సరే, స్పృహ ఉన్నవాళ్లను మాత్రం మనం అడిగి ఏడ్చామా? 2009లో ఓ పరిశోధన కింద ఖమ్మం జిల్లాలో ఆదివాసీ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేశారు. పిల్లలు మెలకువగానే ఉన్నారు, తల్లిదండ్రులు ఊళ్లోనే ఉన్నారు. అయినా చాలాచోట్ల సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు! పార్లమెంటరీ కమిటీ 2013లో దుమ్మెత్తి పోసింది.

అంతదూరం ఎందుకు, ఆపరేషన్ థియేటర్ బయట మన చేతికిచ్చే కాగితం చూడండి. ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు, సంతకం చేయాల్సిన చోట్ల పెన్సిల్‌తో ముందే పెట్టిన ఇంటూ గుర్తులు. ‘‘ఏం రాసుందమ్మా?’’ అంటే, ‘‘ఫార్మాలిటీ సార్, తొందరగా పెట్టండి, డాక్టరుగారు లోపల వెయిటింగ్’’ అంటుంది నర్సు. ఆ నాలుగు పేజీలు తెలుగులో అచ్చేయించడానికి ఏ పాలిమరూ కనిపెట్టక్కర్లేదు కదా!