సంతకం కోర్టుది, చెయ్యి ఎవలిది?

మార్చి 23 రాంగనే మనోళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండ భగత్ సింగ్ ఫొటోలే ఉంటయి. మంచిదే. కానీ ఆయనకు ఉరిశిక్ష రాసిన కోర్టు ఎసొంటిదని అడిగితే జవాబు చెప్పేటోళ్లు తక్కువ. ఆ కోర్టు కథ తెలిస్తే, ఇయ్యాల జడ్జీల నియామకాల మీద నడుస్తున్న లొల్లి కూడా సగం అర్థమైతది.

1928 డిసెంబర్ 17న లాహోర్‌ల సాండర్స్ అనే పోలీసు అధికారిని కాల్చి చంపిండ్రు. ఆ కేసు 1929 జులైల మేజిస్ట్రేట్ ముందుకొచ్చింది. ముద్దాయిలేమో జైల్ల అన్నం ముట్టకుంట దీక్షల ఉన్నరు. లేచి నిలవడేటట్టు లేనోళ్లను కోర్టుకు ఎట్ల తెస్తరు? గందుకే ముద్దాయిలు లేకున్నా కేసు నడుపుతమని సర్కారు సిమ్లాల సెంట్రల్ అసెంబ్లీల బిల్లు పెట్టింది. దాన్ని లేచి గట్టిగ ఎదిరించినోళ్లల్ల జిన్నా ఒకడు, అవును, ఆ జిన్నానే. ఆ చర్చ నడుస్తుండగనే, సెప్టెంబర్ 13న, 63 రోజుల దీక్ష తర్వాత జతిన్ దాస్ పానం పోయింది. బిల్లు ముందుకు సాగలే.

అసెంబ్లీల కాని పని వైస్రాయ్ ఇర్విన్ ఒక్క సంతకంతోటి చేసిండు. 1930 మే 1న ఆర్డినెన్స్ తెచ్చిండు. ముగ్గురు హైకోర్టు జడ్జీలతోటి స్పెషల్ ట్రిబ్యునల్. ముద్దాయిలు లేకున్నా విచారణ చేయొచ్చు. తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు లేదు. ఆర్డినెన్స్ ఆయుష్షు ఆరు నెలలే కాబట్టి అక్టోబర్ ఆఖరు లోపల అంతా ఒడవాలె. దేశంల అత్యవసర పరిస్థితి ఉన్నదని చెప్పి తెచ్చిన ఆర్డినెన్స్ ఇది. ముద్దాయిలు ఏడాది సంది జైల్లనే ఉన్నరు, ఇగ అత్యవసరం ఏడికెల్లి వచ్చింది?

ఇగ అసలు సంగతి. ముగ్గురు జడ్జీల్ల ఇద్దరు తెల్లోళ్లు, కోల్డ్‌స్ట్రీమ్, హిల్టన్. మూడో ఆయన ఆగా హైదర్. మే 12న కోర్టుల ముద్దాయిలు పాటలు, నినాదాలు ఎత్తుకున్నరు. ట్రిబ్యునల్ పెద్ద కోల్డ్‌స్ట్రీమ్ వాళ్లను బయటికి పంపమన్నడు, పోలీసులు జడ్జీల కండ్ల ముందటనే కొట్టిండ్రు. ఆ ఉత్తర్వుతోటి నాకు సంబంధం లేదు, దానెంబడి జరిగినదాంట్ల నా పాలు లేదు అని ఆగా హైదర్ రాసిపెట్టిండు. ఆ తర్వాత ముద్దాయిలు కోర్టుకు రావుడు బంద్ చేసిండ్రు. వాళ్ల తరఫున అడిగేటోడు లేడు, గందుకే ఆయనే సాక్షులను నిలదీసుడు మొదలుపెట్టిండు.

నెల దాటింది. జూన్ 21న ట్రిబ్యునల్‌నే మార్చిండ్రు. కోల్డ్‌స్ట్రీమ్ పోయిండు, ఆగా హైదర్ పోయిండు. హిల్టన్ పెద్దయిండు, కొత్తగ ట్యాప్, అబ్దుల్ ఖాదిర్ వచ్చిండ్రు. మే 12 నాటి ఉత్తర్వుల హిల్టన్‌కు కూడ పాలున్నదని ముద్దాయిలు మొత్తుకున్నా విన్నోడు లేడు.

జడ్జీలను పెట్టే అధికారం ఆర్డినెన్స్ ప్రకారం లాహోర్ హైకోర్టు చీఫ్ జస్టిస్‌ది. అంటే కాయితం మీద సూస్తే సర్కారు వేలు పెట్టినట్టు ఎక్కడ కనవడదు. కోర్టే పెట్టింది, కోర్టే మార్చింది. న్యాయవ్యవస్థను లొంగదీసుడంటే జడ్జికి ఫోన్ చేసి బెదిరించుడే అనుకుంటం. గంత కష్టం ఎందుకు? అడిగే జడ్జిని పక్కకు జరిపితే సాలు, మిగిలింది చట్టప్రకారమే నడుస్తది.

సాక్షుల జాబితా 450 దాటింది. వాళ్లల్ల ముద్దాయిల తరఫున అడ్డు ప్రశ్నలు ఎదుర్కొన్నోళ్లు ఏళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అక్టోబర్ 7న తీర్పు: భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు ఉరి. (మన అల్లూరికి 1924ల ఈ మాత్రం కోర్టు కూడ దక్కలేదు, పట్టుకొని కాల్చేసిండ్రు.)

ఆర్డినెన్సే చెల్లదని లండన్ ప్రివీ కౌన్సిల్‌కు పోతే, 1931 ఫిబ్రవరిల కొట్టేసిండ్రు. అత్యవసరం ఉన్నదా లేదా అనేది గవర్నర్ జనరల్ ఒక్కడే తేల్చాలె, కోర్టు అడగరాదు అన్నరు. గా మాట తెల్లోళ్లతోటి పోలేదు సూడుండ్రి. 1975 ఎమర్జెన్సీల 38వ సవరణ తెచ్చి, ఆర్డినెన్స్ విషయంల రాష్ట్రపతి తృప్తే ఆఖరు, ఏ కోర్టు ప్రశ్నించొద్దని రాసుకున్నరు. 44వ సవరణతోటి 1978ల అది పోయింది. ఆ ఎమర్జెన్సీలనే, మనిషిని అక్రమంగ జైల్ల పెట్టినా కోర్టుకు పోయే హక్కు లేదని నలుగురు జడ్జీలంటే, జస్టిస్ ఖన్నా ఒక్కడే కాదన్నడు. 1977 జనవరిల సీనియారిటీ ప్రకారం ఆయన చీఫ్ జస్టిస్ కావాలె. ఆయన్ను దాటేసి జస్టిస్ బేగ్‌ను కూసోబెట్టిండ్రు.

ఖన్నా విషయంల సర్కారు చెయ్యి బాజాప్తా కనవడ్డది. ఇప్పుడట్ల కాదు, మళ్ల లాహోర్ పద్ధతే. 2019 మేల సుప్రీంకోర్టు కొలీజియం జస్టిస్ అకిల్ ఖురేషిని మధ్యప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గ సిఫారసు చేసింది. కేంద్రం నెలలకొద్ది పక్కన పెట్టి, ఒప్పుకోకుంట తిప్పి పంపింది. సెప్టెంబర్‌ల కొలీజియమే తన మాట మార్చుకొని, ఆయన్ను చిన్న హైకోర్టు త్రిపురకు పంపుమన్నది. ఆ కాయితం మీద సంతకాలు కూడ జడ్జీలవే.