వెలుగెక్కువైతే చీకటే!

పోయిన కార్తీకంలో నెల్లూరు నుంచి సంగం వస్తున్నాం. ఒకటే వాన. ముందు వారమే మావారు కారుకి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వేయించారు. "చూశావా, పట్టపగల్లా లేదూ!" అని దారంతా మురిసిపోతూనే ఉన్నారు. ఎదురుగా స్కూటర్ మీద ఓ జంట, వెనకామె ఒళ్ళో పసిబిడ్డ. మా వెలుగు మొహాన పడగానే ఆ అబ్బాయి చెయ్యడ్డం పెట్టుకున్నాడు. బండి మట్టిలోకి జారి ఒరిగిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మేం దిగి పరిగెత్తితే ఆ అమ్మాయి ఒక్కటే మాటంది. "మీ లైట్లకి రోడ్డే కనబళ్ళేదక్కా!"

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మన నెల్లూరు-ముంబయి రోడ్డు సంగతి తెలిసిందేగా! ఓ పక్క ఆరబోసిన వడ్లు, చుట్టూ రాళ్ళు. ఇంకో పక్క బర్రెలు, వెనక లైట్లేని ట్రాక్టర్లు. 2021 డిసెంబరులో సంగమేశ్వరుడి గుడికి రాత్రి నిద్రకని బయల్దేరినవాళ్ళ ఆటోని ఇంకో బండి గుద్దితే బీరాపేరు వాగులో పడిపోయింది. దానికి లైట్లే కారణమని నేననను. కానీ ఆ వంతెన దాటేటప్పుడల్లా నా చెయ్యి పిల్లల మీదకి పోతుంది. 2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1.68 లక్షల పైమాటే. సాయంత్రం 6 నుంచి 9 లోపు జరిగేవే ఎక్కువట. మనం పెళ్ళిళ్ళకీ, గుళ్ళకీ తిరిగే వేళే అది.

మర్నాడు మెకానిక్ దగ్గరికి నేనే వెళ్ళాను. (ఆడవాళ్ళకి కారు గొడవెందుకని నవ్వేవాళ్ళని నవ్వుకోనీండి.) హాలోజన్ బల్బులో వెలిగేది సన్నటి తీగ. అదెక్కడుంటుందో చూసుకునే వెనకున్న రిఫ్లెక్టరుని తీరుస్తారు. అందులో ఎల్‌ఈడీ బల్బు గుచ్చితే వెలుగు పుట్టే చోటే మారిపోతుంది. రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాళ్ళ కళ్ళలోకి చిమ్ముతుంది. కంపెనీవాళ్ళే ఎల్‌ఈడీ కోసం తయారుచేసిన లైటు వేరు, ఈ అతుకు వేరు. ఇక జోరువానలో హైబీమ్ వేస్తే ఆ వెలుగంతా చినుకులకి తగిలి మన మొహానికే తిరిగొస్తుంది.

"ఏందమ్మా, బల్బు మార్చే ముందు అద్దం తుడుచుకోబళ్ళేదా?" అన్నాడాయన. నిజమే! మా హెడ్‌లైట్ల పైన ప్లాస్టిక్ పసుపుపచ్చగా మసకబారింది. పాలిష్ పెట్టించాడు. అరిగిన వైపర్ రబ్బర్లు మార్పించాడు. ముందద్దానికి లోపలివైపు పట్టిన జిడ్డు నేనే కడిగాను. డిక్కీలో బియ్యం బస్తాలేస్తే కారు మూతి పైకి లేస్తుంది, దాంతో లైటూ లేస్తుంది. అప్పుడు దాన్ని దించడానికి స్టీరింగ్ పక్కనే చిన్న చక్రం ఉందట. ఏడేళ్ళుగా మా ఇంట్లో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు! చివరికి కారుతో వచ్చిన 60/55 వాట్ల హాలోజన్ బల్బులే మళ్ళీ వేయించి, సన్నటి వైర్లలో కరెంటు తగ్గిపోకుండా రిలే పెట్టించాం. వెలుగు బాగానే పెరిగింది.

కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఈ బల్బులు ఏ కొట్లో అడిగినా ఇస్తారు. కొన్నవాడిదేనా తప్పంతా? అమ్మేవాడినెవరూ అడగరేం?

మేం తీసేసిన జతని పక్కవీధివాళ్ళు సగం ధరకి అడిగారు. మావారు ఇచ్చేద్దామన్నారు. నేనే ఇవ్వనివ్వలేదు.