హెచ్చరిక సూరత్ చేరింది, లింబాయత్ చేరాలి

2006 ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ నుంచి సూరత్ వెళ్లిన పద్మశాలి కుటుంబాలకు అది నూలు పున్నమి, కొత్త జంధ్యం వేసుకునే రోజు. ఆ ఏడాది పండుగ నాటికి సూరత్ నగరంలో సుమారు నాలుగింట మూడు వంతులు తాపీ నది వరదలో మునిగి ఉంది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. కరెంటు లేదు, తాగునీరు లేదు, ఫోన్లు పనిచేయలేదు. కింది అంతస్తుల్లో ఉన్న మగ్గాలు, నూలు, నేసిన బట్ట అన్నీ బురద పాలయ్యాయి.

ఆ వరద ఎవరికీ తెలియకుండా వచ్చిపడలేదు. నగరానికి ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయ్ జలాశయానికి నీరు పోటెత్తుతోందని అధికారులకు తెలుసు. గేట్లు ఎత్తుతున్నారనీ తెలుసు. తెలిసినవారికీ, మునిగినవారికీ మధ్య ఉన్న దూరమే ఆ రోజు నష్టాన్ని పెంచింది. గడిచిన రెండు దశాబ్దాల్లో సూరత్ ఈ దూరాన్ని చాలావరకు తగ్గించింది. అయితే చివరి కొద్ది అడుగులు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని దాటించాల్సింది కొత్త ఉపగ్రహమో, కొత్త రాడారో కాదు. కార్మికుడికి అర్థమయ్యే భాష, పని ఆపి వెళ్లగలిగే వీలు.

వాన, నది, పోటు కలిసిన చోటు

తాపీ మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్రలోని ఖాందేశ్ మీదుగా పడమరకు ప్రవహించి, సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. పొడవు 724 కిలోమీటర్లు. వానాకాలంలో బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాలు తరచుగా ఒడిశా, ఉత్తర కోస్తా తీరాలను దాటి ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పడమటి వైపు సాగుతాయి. అంటే వాన కదిలే దిక్కు, తాపీ పారే దిక్కు ఒకటే. ఎగువన కురిసిన నీరు కిందికి దిగుతున్న సమయానికి దిగువన కూడా వాన అందుకుంటుంది. ఒక వరద మీద మరో వరద చేరుతుంది. 2006 ఆగస్టు మొదటి వారంలో రుతుపవనాలు ఎంత ఉద్ధృతంగా ఉన్నాయో తెలుగువారికి మరోలా గుర్తుంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 66 అడుగులు దాటింది ఆ వారంలోనే.

ఉకాయ్ నుంచి విడుదల ఒక దశలో 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన ప్రతి సెకనుకూ 2.5 కోట్ల లీటర్ల నీరు నగరం వైపు వచ్చినట్లు. దీనికి పౌర్ణమి తోడయింది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రపు పోటు ఎక్కువగా ఉంటుంది. పైగా దేశంలోనే అతి ఎత్తయిన పోట్లు ఖంభాత్ సింధుశాఖలో వస్తాయి. పోటు సమయంలో సముద్రం నది నీటిని తేలిగ్గా లోపలికి రానివ్వదు. నీరు వెనక్కి తన్ని ఊరి మీద పడుతుంది.

ఈ మూడింటిలో ఏదీ అంతుబట్టని విషయం కాదు. వాయుగుండం కదలికను ఉపగ్రహ చిత్రాల్లో చూడవచ్చు. జలాశయానికి వచ్చే నీటిని ఎగువ కొలత కేంద్రాల ఆధారంగా లెక్కకట్టవచ్చు. పోటు వేళలు ఏడాది ముందే పట్టికల్లో ఉంటాయి. కావలసింది ఈ మూడింటినీ ఒక చోట చేర్చి చూడడం.

సూరత్ నేర్చుకున్న పాఠం

1968లో తాపీ ఇంతకంటే పెద్ద వరదను తెచ్చింది. 1972లో ఉకాయ్ ఆనకట్ట పూర్తయ్యాక ఇక భయం లేదనుకున్నారు. 1994లో వానలు, వరద తరువాత నగరంలో ప్లేగు భయం కమ్ముకుని లక్షలాది మంది ఊరు విడిచారు. ఆ దెబ్బతో సూరత్ పారిశుద్ధ్యంలో దేశానికే ఆదర్శంగా మారింది. 2006 వరద తరువాత హెచ్చరిక వ్యవస్థ మీద దృష్టి పెట్టింది.

2008లో మొదలైన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారి ఆసియా నగరాల కార్యక్రమంలో భాగంగా నగరపాలక సంస్థ, కేంద్ర జల సంఘం, భారత వాతావరణ శాఖ, రాష్ట్ర నీటిపారుదల శాఖ, సూరత్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ వంటివి కలిసి మొదటి నుంచి చివరి దాకా పనిచేసే హెచ్చరిక వ్యవస్థను రూపొందించాయి. పరీవాహక ప్రాంతంలో ఎంత వాన పడుతుందో అంచనా వేయడం మొదటి మెట్టు. ఆ వాన వల్ల ఉకాయ్‌కు ఎంత నీరు వస్తుందో, ఎంత వదలాల్సి వస్తుందో లెక్కించడం రెండోది. అంత నీరు వదిలితే ఏ వార్డు ఎంత మునుగుతుందో పటంలో చూపడం మూడోది.

ముందుగా తెలియడం వల్ల మనుషులను తరలించడానికి వ్యవధి దొరుకుతుంది. దాంతోపాటు వరదనే తగ్గించే అవకాశం వస్తుంది. ఉకాయ్ పూర్తి నీటిమట్టం 345 అడుగులు. సేద్యానికి, విద్యుత్తుకు, తాగునీటికి జలాశయం నిండి ఉండాలి. వరదను ఆపడానికి ఖాళీగా ఉండాలి. ఈ రెండు అవసరాల మధ్య నలిగే ఇంజనీరుకు కొన్ని రోజుల ముందు నమ్మదగిన అంచనా అందితే నీటిని కొద్దికొద్దిగా వదిలి చోటు చేసుకోగలడు. అందకపోతే చివరి గంటల్లో గేట్లన్నీ ఎత్తడం తప్ప దారి ఉండదు.

హెచ్చరికకు ప్రాణాలు కాపాడే శక్తి ఉందన్నది తీరప్రాంతాల్లో రుజువైన విషయం. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెన సుమారు పదివేల మందిని బలి తీసుకుంది. 2023 జూన్‌లో బిపర్‌జోయ్ తుపాను గుజరాత్ తీరాన్ని దాటేలోపే సుమారు లక్ష మందిని సురక్షిత ప్రాంతాలకు చేర్చారు. తుపాను వచ్చింది, స్తంభాలు కూలాయి, చెట్లు పడ్డాయి. మనుషులు మాత్రం అప్పటికే అక్కడ లేరు.

రోజులు కాదు, గంటలే ఉన్నప్పుడు

తాపీ వరదకు కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. సూరత్‌ను ఇప్పుడు తరచుగా ఇబ్బంది పెడుతున్నది మాత్రం ఖాడీల వరద. నగరం గుండా పారే మీఠీ ఖాడీ, భేద్వాడ్ ఖాడీ, కాంక్రా ఖాడీ వంటి వాగులను అక్కడివారు ఖాడీలంటారు. నగరంలోనూ, తూర్పున ఉన్న తాలూకాల్లోనూ కుండపోత వాన పడితే ఇవి గంటల్లోనే పొంగుతాయి. 2025 జూన్ చివరి వారంలో వాన తెరిపిచ్చాక కూడా చాలా కాలనీల నుంచి నీరు దిగడానికి రోజులు పట్టింది.

ఇక్కడ ఉకాయ్ గేట్ల మీద నిఘా సరిపోదు. రాడార్ సాయంతో వచ్చే కొద్ది గంటలకు ఇచ్చే తక్షణ సూచనలే దిక్కు. అంత తక్కువ వ్యవధిలో హెచ్చరికను ఎవరో చదివి, మరొకరికి వివరించి, వాళ్లు ఇంకొకరికి చెప్పే తీరిక ఉండదు. నేరుగా మనిషికి అందాలి. విన్న వెంటనే అర్థం కావాలి.

మీఠీ ఖాడీ ఒడ్డునే లింబాయత్ ఉంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనా పరిసరాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. పిల్లలకు పాఠం తెలుగులో చెప్పాలని గుర్తించిన నగరం, తల్లులకు వరద కబురు తెలుగులో చెప్పాలని గుర్తించడం కష్టమేమీ కాదు.

సూరత్‌లో ఉన్నవారికి హిందీ రాదా అన్న ప్రశ్న సహజం. కార్ఖానాకు వెళ్లే మగవారికి హిందీ, గుజరాతీ వస్తాయి. ఇంటి దగ్గరే ఉండి చీరలకు అంచులు కుట్టే అత్తకో, ఊరి నుంచి నిరుడే వచ్చిన కోడలికో, మనవలను చూసుకోవడానికి వచ్చిన ముసలమ్మకో అంతగా రాకపోవచ్చు. నీరు వచ్చే వేళ ఇంట్లో ఉండేది వాళ్లే. మార్కెట్లో బేరానికి సరిపోయే భాష వేరు, కంగారులో అర్థమయ్యే భాష వేరు.

సాంకేతికంగా ఇది సాధ్యమే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' వేదిక కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ప్రమాణం మీద నడుస్తుంది. ఆ ప్రమాణంలో ఒకే హెచ్చరికను అనేక భాషల్లో జతచేయవచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో సందేశం ఫోన్ నంబర్ల జాబితా ప్రకారం కాకుండా టవర్ పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళుతుంది. కనుక తెలంగాణలో తీసుకున్న సిమ్ కార్డుతో తిరిగే కార్మికుడికి కూడా సూరత్ హెచ్చరిక అందుతుంది. 2023లో దేశమంతటా దీన్ని పరీక్షించినప్పుడు ఫోన్లు ఒక్కసారిగా బిగ్గరగా మోగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

భాషలు పెరిగితే ఆలస్యం అవుతుందన్న అభ్యంతరం ఉంది. హెచ్చరికల్లో మారేవి చాలా వరకు స్థలం, సమయం, నీటిమట్టం మాత్రమే. మిగతా వాక్యాలను ముందుగానే తెలుగు, ఒడియా, మరాఠీల్లో రాయించి, తెలుగు బడి ఉపాధ్యాయుల చేత సరిచూయించి సిద్ధంగా ఉంచుకోవచ్చు. చదవలేనివారి కోసం అవే మాటలను గొంతులో రికార్డు చేసి వార్డు మైకుల్లో వినిపించవచ్చు.

ఎర్ర రంగు, ఆగని మగ్గం

భాష సమస్య తీరినా మరొకటి మిగులుతుంది. మగ్గాల హోరులో ఫోన్ మోగినా వినిపించదు. వినిపించినా, నేసిన మీటరును బట్టి కూలి వచ్చే మనిషి మగ్గం ఆపి వెళ్లడానికి వెనకాడతాడు. వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధం కావాలి, ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎరుపు రంగు కూడా పసుపులాగే కనిపిస్తుంది.

కాబట్టి వార్డుకు ఎర్ర హెచ్చరిక వచ్చిన రోజు లోతట్టు కార్ఖానాలు షిఫ్టు ఆపాలని, ఆ పూట కూలి పోకూడదని నగరపాలక సంస్థ, కార్మిక శాఖ, మగ్గాల యజమానులు కలిసి ముందే నియమం పెట్టుకోవాలి. సేఠుకు ఇందులో నష్టమే కాదు, లాభమూ ఉంది. ఆ వ్యవధిలో నూలు బీములను, బట్ట తానులను పై అంతస్తుకు చేర్చుకోవచ్చు, మోటార్లకు కరెంటు తీసేయవచ్చు. ఒక పూట షిఫ్టు విలువ, నీట మునిగిన మగ్గం మరమ్మతు విలువ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలిపోతుంది.

వచ్చిన ప్రతి హెచ్చరికకూ పని ఆపితే, వరద రాని రోజుల సంగతేమిటని యజమానులు అడుగుతారు. 'నాన్నా పులి' కథలో లాగా నాలుగుసార్లు ఊరికే అరిస్తే ఐదోసారి ఎవరూ నమ్మరన్నదీ నిజమే. అయితే ఆ పిల్లవాడు అబద్ధమాడాడు. వాతావరణ శాస్త్రవేత్త చెప్పేది సంభావ్యత. వాయుగుండం దారిని ఒక గీతగా కాక విచ్చుకుంటూ పోయే శంకువులా చూపడానికి కారణం అదే. పదిలో ఏడు వంతుల అవకాశమని చెప్పిన వాన మూడుసార్లు రాకపోవడం పొరపాటు కాదు. హెచ్చరిక ఫలించని మరునాడు ఎందుకు అలా జరిగిందో అదే మైకులో, అదే భాషలో వివరిస్తే నమ్మకం నిలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2022లో 'అందరికీ ముందస్తు హెచ్చరికలు' కార్యక్రమాన్ని ప్రకటించింది. 2027 చివరికల్లా భూమి మీద ప్రతి ఒక్కరికీ ఆ రక్షణ అందాలన్నది లక్ష్యం. అందులో అందరికీ అన్న మాటను సూరత్ తన వార్డుల్లో పరీక్షించుకోవచ్చు. పరీక్ష చాలా తేలిక. వచ్చే వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగిన మరునాడు నగరపాలక సిబ్బంది లింబాయత్ సందుల్లో తిరిగి ప్రతి గడపలోనూ మూడు ప్రశ్నలు అడగాలి. కబురు అందిందా? అర్థమైందా? వెళ్లగలిగారా? హెచ్చరిక వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పవలసింది కంట్రోల్ రూమ్ తెరలు కాదు, ఆ గడపల్లో వచ్చే జవాబులు.