ఢిల్లీ లేఖ: మస్టరులోని పేరు ఎవరి రహస్యం?

మొన్న ఒక సాయంత్రం సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రుడొకరు, డాక్టరొకరు, నేను కలిసి కూర్చుని, ఒకే మాటను మా మా ఫోన్లలో వెతికాము. వకీలుగారికి తీర్పులు వచ్చాయి. నాకు నాయకుల వాగ్వాదాలు వచ్చాయి. డాక్టరుగారికి అన్నిటికంటే ముందు ఒక మందుల ప్రకటన ప్రత్యక్షమైంది. ముగ్గురమూ నవ్వుకున్నాము గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మా వృత్తులేమిటో ఆ యంత్రానికి మేమెవ్వరమూ చెప్పలేదు. మా రాకపోకలను, చదువులను, పరిచయాలను గమనించి అదే పసిగట్టింది.

వకీలు వద్ద ఉండే రహస్యం కక్షిదారుది, డాక్టరు వద్ద ఉండేది రోగిది. విలేకరి వద్ద ఉండేది అతన్ని నమ్మి కాగితం చేతికిచ్చిన ఉద్యోగిది. వకీలుకు సాక్ష్య చట్టం రక్షణ ఉన్నది. డాక్టరుకు వృత్తి నియమావళి కట్టుబాటు ఉన్నది. విలేకరికి 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం ఇచ్చిన అభయం ఆ కౌన్సిల్ విచారణల గడప దాటదు. ఏ రోజు ఎవరి ఇంటి ముందు ఎంతసేపు ఆగినదీ ఫోనే చెబుతున్నప్పుడు, నోరు మూసుకున్నంత మాత్రాన ఆ ఉద్యోగి పేరు దాగుతుందా?

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిన సంగతి పాఠకులకు విదితమే. ఆ హక్కుకు రూపమిచ్చే చట్టం ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, మణిపూర్ విషయమై చెలరేగిన రభస నడుమ మూజువాణి ఓటుతో గట్టెక్కింది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రూపొందించిన ముసాయిదాలోను, 2019 బిల్లులోను పాత్రికేయ వృత్తికి మినహాయింపు ఉండేది. 2023 చట్టంలో అది లేదు. ప్రభుత్వ సంస్థలకు మాత్రం ఒక నోటిఫికేషన్‌తో మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చును! కంపెనీలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాశారు. మంచిదే. అయితే 2025 నవంబరులో నిబంధనలు వెలువడినప్పుడు, వారి ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు దొరికింది.

గడువు లేకుండా వెంటనే అమలులోకి వచ్చినది 44(3) సెక్షను. ఇది కంపెనీల జోలికి పోదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరిస్తుంది. పూర్వం వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే, దానికి ప్రజా వ్యవహారంతో సంబంధం లేదనో, బయటపెడితే అకారణంగా గోప్యతకు భంగమనో అధికారి చూపవలసి ఉండేది. ఇప్పుడు అది వ్యక్తిగతం అంటే చాలు. అంతకంటె నన్ను కలచివేసినది మరొకటి. పార్లమెంటుకుగాని శాసనసభకుగాని నిరాకరించరాని సమాచారాన్ని ఏ పౌరునికీ నిరాకరించరాదన్న వాక్యం ఆ క్లాజు చివర ఉండేది. ఏళ్ల తరబడి పార్లమెంటు గ్యాలరీలో కూర్చున్న నాకు, సభ్యునికీ ఓటరుకూ సమాన గౌరవమిచ్చిన వాక్యం అదొక్కటే అనిపించేది. దాన్నీ కొట్టివేశారు.

8(2) సెక్షను అలాగే ఉన్నది కదా అని ప్రభుత్వ పక్షం సమాధానం. నిజమే, ప్రజా ప్రయోజనం అధికమైతే సమాచారం ఇవ్వవచ్చునని అది చెబుతుంది. "ఇవ్వవచ్చును" అన్న మాటను మన కార్యాలయాలలో ఎలా చదువుతారో, మండలాఫీసు మెట్లెక్కిన వారికెవరికైనా తెలుసు.

2006 తరువాత అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ చూశాను. గ్రామసభలో మస్టరు తీసి, పేరు, పనిదినాలు, కూలి మొత్తం బిగ్గరగా చదివేవారు. తన పేర వేరొకరు సొమ్ము తీసుకున్నారని తెలిసిన ఒక ముసలమ్మ లేచి నిలబడింది. ఆ మస్టరులోని పేరు, కూలి వ్యక్తిగత సమాచారమే. అక్కడ దాన్ని చదవకపోతే నష్టపోయేది ఆమె, లాభపడేది ఆమె వేలిముద్ర వేసినవాడు.

ఇంతకీ మా ముగ్గురి ఫోన్లు ఇప్పటికీ మమ్మల్ని గమనిస్తూనే ఉన్నాయి. డాక్టరుగారికి నిన్న మరొక మందు ప్రకటన వచ్చిందట.