చందమామని కాసేపు పక్కన పెడదాం

"మా పాపకి ఆరేళ్ళు. తెలుగులో ఏవైనా మంచి పుస్తకాలు చెప్తారా?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, ఏ జవాబులు వస్తాయో నాకు కంఠతా వచ్చు. మొదట చందమామ. పాత సంచికల స్కాన్లు ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి, అడక్కుండానే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తారు. తర్వాత బుడుగు. ఆ తర్వాత పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, అమర్ చిత్ర కథ. అడిగిన తల్లి థాంక్స్ చెప్తుంది. పాప మాత్రం ఇంగ్లిష్ పుస్తకాలే చదువుకుంటూ పెరుగుతుంది.

ఆ జాబితాలో చెడ్డ పుస్తకం ఒక్కటీ లేదు. కానీ అది అడిగిన ప్రశ్నకి జవాబు కాదు. "మీ చిన్నప్పుడు మీరేం చదివారు?" అనే, ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు. మనం పిల్లలకి పుస్తకాలు చెప్పడం లేదు, మన బాల్యాన్ని వాళ్ళకి అంటగడుతున్నాం.

చందమామ మీద నాకు కోపం లేదు. 1947 జులైలో మొదలైన ఆ పత్రికకి 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు సానబెట్టిన వచనం ఉంది చూశారూ, అంత శుభ్రమైన తెలుగు ఇప్పుడు పెద్దవాళ్ళ పత్రికల్లోనే దొరకదు. అయితే అది చదవడం వచ్చిన పిల్లల పత్రిక. అందులో కథ నడిపేది వాక్యం. రాజు గుర్రమెక్కాడని వాక్యం ఉంటే పక్కన గుర్రమెక్కిన రాజు బొమ్మ ఉంటుంది. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు ఎంత గొప్పవైనా, వాటిని తీసేసి చదవండి, కథ చెక్కుచెదరదు.

ఇప్పటి ఆరేళ్ళ పిల్లని చూడండి. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది. బళ్ళో అంతా ఇంగ్లిష్ మీడియం, తెలుగు ఇంకా గుణింతాల దగ్గరే ఉంది. కూకట్‌పల్లి అయినా డాలస్ అయినా ఇందులో పెద్ద తేడా లేదు. ఆ పిల్లకి వచ్చిన తెలుగు చాలా పెద్దది, చదవగలిగే తెలుగు చాలా చిన్నది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే మన పిల్లలు తెలుగు పుస్తకాన్ని వదిలేస్తున్నారు. అక్కడ నిలబడిన పిల్ల చేతిలో 1960ల నాటి బేతాళ కథ పెట్టి "చదువుకోమ్మా" అంటే ఏమవుతుంది?

బుడుగు సంగతి మరీను. అది పిల్లవాడి గొంతుతో పెద్దవాళ్ళ కోసం రాసిన పుస్తకం. రెండు జెళ్ళ సీత విషయంలో బాబాయి అవస్థ చూసి మనకి నవ్వొస్తుంది. ఆరేళ్ళ పిల్లకి ఎందుకు రావాలి?

మరి అసలైన బొమ్మల పుస్తకం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ చెప్తాను. 1968లో ప్యాట్ హచిన్స్ 'రోజీస్ వాక్' అని ఒక పుస్తకం చేసింది. మొత్తం 32 మాటలు. రోజీ అనే కోడి పెరట్లో షికారుకెళ్ళి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివామి ఎక్కి దిగి, భోజనం వేళకి ఇంటికొచ్చేస్తుంది. అంతే. మాటల్లో ఇంకేం లేదు. బొమ్మల్లో మాత్రం మొదటి నుంచీ కోడి వెనకాలే ఒక నక్క ఉంటుంది. దూకుతుంది, చెరువులో పడుతుంది, గడ్డిలో కూరుకుపోతుంది, పిండిలో మునుగుతుంది, చివరికి తేనెటీగలు వెంటపడితే పారిపోతుంది. ఆ 32 మాటల్లో నక్క అన్న మాటే లేదు.

ఇప్పుడు దీన్ని ఒక తండ్రి కూతురికి చదివి వినిపిస్తున్నాడనుకోండి. మా ఇంట్లో నేను అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతాను: కోడి పెత్తనాలకి బయల్దేరింది, చెరువు చుట్టూ తిరిగింది, అలా. మా అమ్మాయి "నాన్నా, వెనకాల నక్క!" అని అరుస్తుంది. నేను ఏమీ ఎరగనట్టు తర్వాతి వాక్యం చదువుతాను. అక్షరాలు వచ్చిన వాడికి కనపడనిది అక్షరాలు రాని పిల్లకి కనపడుతోంది. ఆ పది నిమిషాలు ఇంట్లో తెలివైనది ఆవిడే. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఆమె కూడా అదే పుస్తకం తనకి తోచిన మాటలతో చదువుతుంది. ఆమె చెప్పేటప్పుడు నక్కకి తిట్లు పడతాయి. అచ్చులో ఉన్న భాష ఏదైనా చదివిన భాష తెలుగే.

బొమ్మల పుస్తకాన్ని "చదవడం వచ్చేదాకా పనికొచ్చే మెట్టు" అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. ఇందులో బొమ్మ అలంకారం కాదు, సగం కథ. ఒక్కోసారి సగం కన్నా ఎక్కువ. మారిస్ సెండాక్ 1963లో చేసిన 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' తిరగేయండి. అల్లరి చేసి అమ్మ చేత గదిలోకి తోయించుకున్న మాక్స్ మొదట్లో చిన్న బొమ్మలో ఇరుక్కుని ఉంటాడు. పేజీలు తిప్పేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, అక్షరాలకి చోటు తగ్గుతుంది. రాక్షసుల గంతుల దగ్గరికొచ్చేసరికి వరసగా మూడు చోట్ల రెండేసి పేజీలు నిండా బొమ్మే, ఒక్క మాట లేదు. చివరి పేజీలో బొమ్మ లేదు, కొన్ని మాటలే. ఇదంతా పిల్లకి చెప్పక్కర్లేదు, చూస్తుంది. తెలుగు కథా శిల్పం మీద పేజీలు పేజీలు రాసే మనం కూడా కాస్త చూస్తే బావుంటుంది.

ఇక మన జాతీయ ప్రశ్న: "ఇందులో నీతి ఏమిటి?" పుస్తక ప్రదర్శనలో పిల్లల స్టాలు దగ్గర ఓ పావుగంట నిలబడండి, నాలుగుసార్లు వినబడుతుంది. జాన్ క్లాసెన్ 2012లో చేసిన 'దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్' ఈ ప్రశ్నకి దొరకదు. ఓ చిన్న చేప పెద్ద చేప టోపీ కొట్టేసి పారిపోతూ, ఎవరికీ తెలియదులే, అది నిద్రలేవదులే అని మనకి చెప్తూ ఉంటుంది. బొమ్మలో పెద్ద చేప కన్ను అప్పటికే తెరుచుకుంది. చివర్లో రెండూ నాచు మొక్కల్లోకి దూరతాయి, పెద్దది ఒక్కటే టోపీ పెట్టుకుని బయటికొస్తుంది. లోపల ఏం జరిగిందో పుస్తకం చెప్పదు. దొంగతనం తప్పని దీన్నుంచి నీతి లాగొచ్చు, నేను కాదనను. కానీ పిల్లలు అడిగేది "తినేసిందా?" అని. ఒకరు తినేసిందంటారు, ఒకరు టోపీ తిరిగిచ్చేసి దాక్కుందంటారు, బొమ్మలో సాక్ష్యం వెతుకుతారు. పాఠాన్ని దగ్గరగా చదవడం అంటే ఇదే కదా! ఎం.ఏ.లో నేర్పే పని నాలుగేళ్ళ పిల్లలు మంచం మీద చేస్తున్నారు. మధ్యలో మనం దూరి "కాబట్టి పిల్లలూ..." అని మొదలుపెట్టకపోతే చాలు.

కొంచెం పెద్ద పిల్లల దగ్గరికొస్తే నీతి బదులు ఇంకో అభ్యంతరం. "కామిక్స్ చదివితే చదివినట్టా?" ఆ మాట అన్నవాళ్ళకి నేను షాన్ టాన్ 2006 నాటి 'ది అరైవల్' ఇస్తాను. ఒక్క మాట లేని పుస్తకం. ఇల్లు వదిలి తెలియని దేశానికి వెళ్ళిన మనిషి కథ. అక్కడి లిపి, తిండి, జంతువులు అన్నీ టాన్ కల్పించినవే, కాబట్టి చదివే మనకి కూడా ఏదీ తెలియదు. ఆరు నెలల వీసా మీద అమెరికా వెళ్ళిన అమ్మమ్మ, అక్కడే పుట్టిన మనవడు పక్కపక్కన కూర్చుని చదవగల పుస్తకం ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. ఇద్దరికీ అక్షరం అడ్డం రాదు. పైగా అందులో ఆమెకి తెలిసిన సంగతులు మనవడికి తెలియవు.

మన దేశం సంగతి చూస్తే, 2011లో నవయాన వేసిన 'భీమాయన' ఉంది. అంబేద్కర్ జీవితం, నీళ్ళ కోసం పడ్డ అవమానాలు. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు. మనుషుల్ని డబ్బాల్లో పెట్టి బొమ్మలు వేయడం వాళ్ళకి నచ్చలేదు, అందుకే ఆ పుస్తకంలో మామూలు కామిక్స్ గళ్ళు ఉండవు. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి, విషం కక్కే మాటలకి తేలు కొండి ఉంటుంది. కులం అంటే ఏమిటని పన్నెండేళ్ళ పిల్ల అడిగితే మన దగ్గర ఉపన్యాసం తప్ప ఏముంది? ఆ తేలు కొండి చూపించండి. గోండులు, పర్ధానులు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. వాళ్ళ చేత ఇలాంటి పుస్తకం ఒకటి వేయిద్దామని తెలుగులో ఎవరికైనా తోచిందా అని కూడా అడుక్కోవచ్చు.

తెలుగులో అసలేమీ లేవా అంటే ఉన్నాయి. చెన్నై తూలిక వాళ్ళు ఒకే పేజీలో ఇంగ్లిషూ తెలుగూ పెట్టి బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. మంచి పుస్తకం వాళ్ళు సోవియట్ బొమ్మల కథల్ని మళ్ళీ తెచ్చారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితం. ఇవి మన జాబితాల్లోకి రావు, ఎందుకంటే ఇవి మన చిన్నప్పుడు లేవు. ఇంకో కారణం పేజీల లెక్క: "ఇరవైనాలుగు పేజీలకి ఇంత రేటా?" అంటారు. నేనూ లెక్కల మనిషినే, కాబట్టి లెక్కే చెప్తాను. నవల కొని ఒకసారి చదువుతారు, చాలాసార్లు అదీ ఉండదు. బొమ్మల పుస్తకం పిల్లకి నచ్చిందంటే ఒక్క వారంలో ఇరవైసార్లు చదివిస్తుంది. పేజీకి ఎంత కాదు, చదువుకి ఎంతో చూడండి.

అయితే ఈ పుస్తకాలన్నీ బావున్నాయని నేను అనను. బొమ్మ బావుండి తెలుగు చచ్చినట్టున్నవి చాలా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో లయగా సాగే వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ప్రభుత్వ ప్రకటన అవుతుంది. కుక్కపిల్ల 'ఆనందంతో గంతులు వేయసాగింది' అంటుంది. ఏ ఇంట్లో ఏ కుక్కపిల్ల గంతులు 'వేయసాగింది'? అచ్చుకి ముందు ఎవరూ బయటికి చదివి ఉండరు. ఈ మాట ప్రచురణకర్తకి ఎవరు చెప్పాలి? విమర్శకులు. వాళ్ళేమో రెండు వందల మంది చదివే కవితా సంపుటికి మూడు సమీక్షలు రాస్తారు, పిల్లల పుస్తకం వైపు చూడరు. పిల్లల సాహిత్యం ఏమైపోతోందని నవంబరులో ఒక వ్యాసం, అంతే.

అందుకని ఇలాంటి పత్రికల్లో రాసేవాళ్ళని అడుగుతున్నాను. నెలకి ఒక్క బొమ్మల పుస్తకం. సిద్ధాంతాలేమీ వద్దు. బొమ్మలు ఎవరు వేశారో పేరు రాయండి, మాటల్లో లేనిది బొమ్మలో ఏముందో చెప్పండి. తెలుగు బయటికి చదివి చూసి, నోరు ఎక్కడ తడబడిందో ఆ వాక్యం నంబరుతో సహా రాయండి.