కెర్నెల్ నిర్మాణము – మన విద్యార్థి

తెలుగు పాఠం చెప్పుకునే మేము కంప్యూటరు శాస్త్రాన్ని గురించి వ్రాయబూనుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఎవరి శాఖ వారిదన్న మాట నిజమే. కాని విద్యార్థి భయం ఏ శాఖకు చెందినదైనా ఉపాధ్యాయునికి పరాయిది కాదు. అటువంటి భయాన్ని గత వేసవి సెలవులలో మేము దగ్గరగా చూశాము. ఈ వ్యాసానికి అదే కారణం.

చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చినప్పుడు, మాటల సందర్భంలో "కెర్నెల్ అంటే ఏమిటి బేటా?" అని అడిగాము. "ఆపరేటింగ్ సిస్టములో మూలభాగం సార్. ప్రాసెసరును, మెమరీని, పరికరాలను ప్రోగ్రాములకు పంచిపెట్టేది" అని తడుముకోకుండా అప్పజెప్పాడు. "నీవెప్పుడైనా దానిని తయారుచేసి నడిపి చూచావా?" అంటే తల వంచుకున్నాడు. "ల్యాబులో యంత్రం చెడిపోతే జరిమానా కట్టాలి సార్" అన్నాడు. మన చదువులోని లోపమంతా ఆ ఒక్క మాటలో ఉన్నదని మాకు తోచింది. ఈతను గురించిన పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుని, నీటిలో కాలు పెట్టనివానికి ఆ మార్కులు ఎందుకు పనికివస్తాయి?

ఈ విద్య అందని మ్రానిపండు కాదు. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడు పాఠం చెప్పడానికే మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమును వ్రాసి, 1987లో దాని సోర్సు కోడును పాఠ్యపుస్తకంతో పాటు విద్యార్థుల చేతికిచ్చారు. ఆ మినిక్స్‌ను తన సొంత కంప్యూటరులో నడుపుకుంటూనే హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఒక కెర్నెల్‌ను వెలువరించాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. ఆ తొలి కెర్నెల్ సుమారు పదివేల పంక్తులు మాత్రమే. దానిని కంపైల్ చేయడానికి మినిక్స్ సాయమే కావలసివచ్చింది. 1992లో అది గ్నూ లైసెన్సు క్రిందకు వచ్చింది. అనగా దానిని ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, పదిమందికి పంచవచ్చు. నేడు ఆ లినక్స్ కెర్నెల్ మూడు కోట్ల పంక్తులకు మించి పెరిగింది. మన విద్యార్థి జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులోనూ అదే ఉన్నది. జేబులో ఉన్నదానిని విప్పి చూడడానికి జంకడమెందుకు?

మా ఇంట మూలబడి ఉన్న పాత కంప్యూటరును ముందు పెట్టుకుని ఇద్దరమూ కూర్చున్నాము. అందులో అప్పటికే నడుస్తున్న కెర్నెల్ యొక్క అమరిక ఫైలును నకలు తీసి కొత్త సోర్సు కోడుకు జతచేశాము. ఆ అమరికలో వేలకొద్దీ ప్రశ్నలుంటాయి. చాలావాటికి జవాబు మూడు విధాలు. 'వై' అంటే ఆ భాగం కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. 'ఎం' అంటే మాడ్యూలుగా హార్డ్ డిస్కులో విడిగా ఉండి, అవసరమైనప్పుడు వచ్చి చేరుతుంది. 'ఎన్' అంటే అక్కరలేదని అర్థం. మేము వాటి జోలికి పోలేదు. కెర్నెల్ పేరు చివర మాత్రం మా విద్యార్థి తన ఊరి పేరు చేర్చుకున్నాడు. తరువాత 'మేక్' అని ఆజ్ఞ ఇచ్చాము. ఉదయం మొదలైన కంపైలు అసర్ నమాజు వేళకు ముగిసింది. మాడ్యూళ్ళను వాటి చోట చేర్చి, కెర్నెల్ ఫైలును బూట్ డైరెక్టరీలో ఉంచి, గ్రబ్ పట్టికలో దాని పేరు వ్రాసి యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాము.

నల్లని తెర మీద తెల్లని అక్షరాలు బిరబిర పరుగెత్తి ఒక్కసారిగా నిలిచిపోయాయి. చివర 'కెర్నెల్ పానిక్' అని ఉన్నది. రూట్ ఫైల్ సిస్టమును అందుకోలేకపోయానని దాని మొర. మా విద్యార్థి ముఖం పాలిపోయింది. "చెడగొట్టాను సార్" అన్నాడు. నిజానికి ఏమీ చెడలేదు. మళ్ళీ వేసి, గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకోగానే యంత్రం ఎప్పటివలెనే లేచింది. పాతదానిని తొలగించకుండా ఉంచుకోవడమే ఇందులో మొదటి జాగ్రత్త.

కారణం మరునాటికి గాని తెలియలేదు. హార్డ్ డిస్కును నడిపే డ్రైవరుకు అమరికలో 'ఎం' అని ఉన్నది. అనగా డిస్కును చదవడానికి కావలసిన డ్రైవరు ఆ డిస్కులోనే ఉన్నది. తాళంచెవిని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకే తాళం వేసినట్లయింది. ఈ చిక్కు తీర్చడానికే అటువంటి డ్రైవర్లను ముందుగా మెమరీలోకి తెచ్చే 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్' అనే చిన్న మూట ఉన్నది. పాత కెర్నెల్‌కు ఆ మూట ఉన్నది, మేము చేసినదానికి లేదు. దానిని తయారుచేసి పట్టికలో చేర్చగా ఈసారి యంత్రం లేచింది. 'యూనేమ్' ఆజ్ఞకు జవాబుగా కెర్నెల్ పేరు, దాని చివర అతని ఊరి పేరు కనబడ్డాయి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాటను అతడు పరీక్ష కోసం ఎన్నడో వల్లించాడు. అది ఎందుకున్నదో ఆనాడు తెలుసుకున్నాడు.

ఇటువంటి ప్రశ్న పరీక్షలో రాదని కొందరంటారు. కావచ్చు. కాని వెదకి కారణం పట్టుకునే ఓర్పు ఏ ఉద్యోగానికైనా కావలసినదే. అసలు యంత్రాన్ని తాకకుండా క్యూఎమూ వంటి ప్రోగ్రాములో కెర్నెల్‌ను నడిపి చూడవచ్చు గదా అని మరికొందరంటారు. ఆ మాట సమంజసమే. తొలి పాఠం అక్కడే జరగాలని మేమూ అంటాము. అయితే అసలు యంత్రంలోని డిస్కు, తెర, నెట్‌వర్కు కార్డు పెట్టే చిక్కులు అక్కడ పూర్తిగా ఎదురుకావు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవులు మూడు. తీసివేయదలచిన పాత కంప్యూటర్లలో రెండింటిని పాత సామానుగా అమ్మక ఈ అభ్యాసానికి కేటాయించి, వాటిపై జరిమానా లేదని నోటీసు బోర్డులో వ్రాయించవలెను. విఫలమైన ప్రయత్నాన్ని కారణంతో సహా రికార్డులో వ్రాసిన విద్యార్థికి దానికి తగిన మార్కులు ఇప్పించవలెను. ఈ విధానాన్ని తెలుగు, ఉర్దూ భాషలలో చిన్న పుస్తకంగా అచ్చు వేయించవలెను. తెలుగు భాగం వ్రాసే బాధ్యత మాది. రెండవ భాగానికి ఉర్దూ శాఖ మిత్రులు సాయపడగలరని మా నమ్మకం.

విద్యార్థులారా! పాత కెర్నెల్‌ను పదిలంగా ఉంచుకుని కొత్తదానికి పూనుకోండి. కమిటీ వారి నిర్ణయం వెలువడే వరకు మా ఇంటి పాత కంప్యూటరు ఉండనే ఉన్నది. ఆదివారం ఉదయం ఎవరైనా రావచ్చు.