‘బాగానే ఉన్నానమ్మా!’

హనుమాన్‌ జంక్షన్‌లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. బెజవాడ బస్సు, ఏలూరు బస్సు, నూజివీడు వెళ్లేవాళ్లు, గుడివాడ వెళ్లేవాళ్లు... ఆంజనేయస్వామికి ఓ దండం పెట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోతుంటారు. ఆ సందడికి కూతవేటు దూరంలో ఓ డాబా ఇల్లు. అందులో ఓ రిటైర్డు మాస్టారు.

ఒకప్పుడు ఆయన లేకుండా టీ కొట్టు దగ్గర కబుర్లు మొదలయ్యేవి కావు. భార్య పోయాక మెల్లగా అన్నీ మారాయి. మోకాళ్ల నొప్పులంటూ ముందు టీ కొట్టు మానేశారు. తర్వాత పేపరు చదవడం మానేశారు. రాత్రిపూట వండుకోవడమెందుకని మజ్జిగన్నంతో సరిపెడుతున్నారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ... ఇక నిద్ర రాదు. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాద్‌లో. రోజూ ఫోన్లు వస్తూనే ఉంటాయి.

‘‘నాన్నా, భోంచేశారా? మందులేసుకున్నారా?’’

‘‘ఆఁ... బాగానే ఉన్నానమ్మా!’’

ఇలాంటి మాస్టారు, ఇలాంటి మామ్మగారు కృష్ణా డెల్టాలో ఊరికి పదిమంది కనిపిస్తారు. ‘పెద్దతనం కదా, అలాగే ఉంటారు’ అని మనమే సర్దిచెప్పుకుంటాం. పొరపాటంతా అక్కడే జరుగుతోంది.

వయసు తెచ్చేది కాదు!

జుట్టు నెరవడం వయసు లక్షణం. బతుకు మీద ఆసక్తి పోవడం మాత్రం కాదు. అది డిప్రెషన్‌ కావచ్చు. మనదేశంలో వృద్ధుల స్థితిగతులపై 2017-18లో ‘లాసీ’ పేరిట భారీ సర్వే జరిగింది. అరవై దాటినవారిలో 8.3 శాతం మందిలో తీవ్ర డిప్రెషన్‌ లక్షణాలు ఉన్నాయని అందులో తేలింది. అంటే ప్రతి పన్నెండు మందిలో ఒకరు. అయితే తమకు ఆ జబ్బు ఉన్నట్టు డాక్టరు చెప్పారన్నవారు ఒక్క శాతం కూడా లేరు. మిగతావాళ్లంతా ‘బాగానే ఉన్నాం’ అంటూ రోజులు నెట్టుకొస్తున్నవారే!

పెద్దవాళ్లు ‘దిగులుగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, నీరసమంటారు, ఆకలి లేదంటారు. మతిమరుపు వచ్చిందేమోనని భయపడతారు. అందుకే ఇంట్లోవాళ్లే గమనించాలి. ఇష్టమైన పనులు మానేయడం, గడప దాటకపోవడం, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం, బరువు తగ్గడం, ‘నావల్ల ఎవరికేం ఉపయోగం’ అనడం... ఇవి రెండు వారాలకు మించి కనిపిస్తే ఊరుకోకూడదు. థైరాయిడ్‌ లోపం, బి12 తగ్గడం, కొన్నిరకాల మందులు కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. కాబట్టి ముందు రక్తపరీక్షలు చేయించడం మంచిది.

గోవా చెప్పిన పాఠం

జబ్బు ముదిరాక మందులు వాడటం సరే. అసలు రాకుండా ఆపలేమా? ఆపొచ్చని మనదేశంలోనే రుజువైంది. గోవాలో అరవై ఏళ్లు దాటి, కాస్త దిగులు లక్షణాలున్న 181 మందిని ఎంచుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం అందించారు. మిగతా సగం మంది దగ్గరికి శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్లారు. వాళ్లు డాక్టర్లు కారు, మందులూ ఇవ్వలేదు. చేసినవి నాలుగే పనులు. సమస్యల్ని ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకోవడం నేర్పారు. నిద్ర అలవాట్లు సరిచేశారు. షుగరు లాంటి జబ్బుల్లో ఎలా జాగ్రత్తపడాలో చెప్పారు. ప్రభుత్వ పథకాలు అందేలా సాయపడ్డారు. ఏడాది తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందిన 90 మందిలో 13 మంది తీవ్ర డిప్రెషన్‌లోకి వెళ్లారు. కార్యకర్తలు కలిసిన 91 మందిలో వెళ్లింది నలుగురే! ఈ ఫలితాలు 2019లో అమెరికన్‌ వైద్య పత్రిక ‘జామా సైకియాట్రీ’లో వచ్చాయి.

మన ఇంట్లో ఏం చేద్దాం?

గోవాలో చేసిన పనులకు పెద్ద చదువులు అక్కర్లేదు. కాస్త తీరిక, ఓపిక ఉంటే చాలు.

చిక్కుముడి ఒకేసారి విప్పొద్దు: ‘మోకాళ్ల నొప్పి, బయటికి వెళ్లలేను’ అంటే అక్కడితో వదిలేయకూడదు. టీ కొట్టుదాకా నడవలేకపోతే పక్కింటి కుర్రాడి బండి మీద వెళ్లొచ్చా? వారానికి రెండుసార్లు స్నేహితులే ఇంటి అరుగు మీదికి రావచ్చా? దారి ఏదన్నది పెద్దవాళ్లనే ఎంచుకోనివ్వాలి.

నిద్రకో వేళ: రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే సమయానికి లేవాలి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటకూడదు. సాయంత్రం కాఫీ మానాలి. ఉదయపు ఎండలో కాసేపు నడవాలి.

చెవి, కన్ను: వినపడక నలుగురిలోకి రావడం మానేసేవాళ్లు ఎందరో! వినికిడి యంత్రం, శుక్లాల ఆపరేషన్‌ మనిషిని మళ్లీ మనుషుల్లో కలుపుతాయి.

కాగితాల గొడవ: బ్యాంకు పని, లైఫ్‌ సర్టిఫికెట్‌, ఆధార్‌లో పడని వేలిముద్రలు... మనకు చిన్న పనులే, వాళ్లకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని బెంగలు. పక్కనుండి పూర్తిచేయించాలి.

ఓ బాధ్యత: ‘మీరు కూర్చోండి, అన్నీ మేం చూసుకుంటాం’ అనడం ప్రేమే కావచ్చు. కానీ అది మనిషిని పనికిరానివాణ్ని చేస్తుంది. మనవడికి ఎక్కాలు చెప్పడం, ఆవకాయకు కాయలు ఎంచడం, మొక్కలకు నీళ్లు పెట్టడం... ఏదో ఒక పని వారిదే కావాలి.

డాక్టరు ఎప్పుడు?

ఇవన్నీ చేసినా దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. సొంతంగా ఆపేయకూడదు. ‘నేను పోతే మీకు పీడ వదులుతుంది’ లాంటి మాటను విసుగనుకుని కొట్టిపారేయొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లో అందుబాటులో ఉంచకూడదు. కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్‌ నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్‌ ఉంది.

మళ్లీ మన మాస్టారి దగ్గరికి వద్దాం. ‘బాగున్నారా’ అనడిగితే ‘బాగున్నా’ అనే జవాబే వస్తుంది. అడిగే ప్రశ్న మార్చి చూడండి. ‘‘నాన్నా, ఇవాళ ఎవరితో మాట్లాడారు?’’ అనండి. అవతల మౌనమే జవాబైతే ఆ ఊళ్లోనే ఉన్న ఆయన స్నేహితుడికి ఓ ఫోను కొట్టండి. మర్నాడు పొద్దున్నే గేటు ముందు బండి ఆగి, ‘‘ఏం మాస్టారూ, టీ చల్లారిపోతోంది, రండి!’’ అన్న కేక వినిపిస్తే... వేల మైళ్ల దూరం నుంచి మీరు పంపే డాలర్లకంటే అది విలువైన మందు.